ముందా, తర్వాతా? టాస్ గెలిచాక వేసుకోవాల్సిన ప్రశ్న

ఈ వారం ఎస్సే ప్రాక్టీస్‌కి మనకు బాగా తెలిసిన రెండు మాటలు తీసుకుందాం. ఒకటి "ఆలస్యం అమృతం విషం". రెండోది "నిదానమే ప్రధానం". మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ రెండూ ఒకే నోటితో చెబుతారు, అదీ ఒక్కోసారి ఒకే రోజు. ఇలాంటి టాపిక్ వస్తే మనలో చాలామంది సగం పేజీలు తొందర గురించి, సగం పేజీలు ఓపిక గురించి రాసి, చివర్లో "సమతుల్యత అవసరం" అని ముగిస్తారు. దిద్దేవారి చేతికి ఆ రోజు అలాంటివి ఎన్ని వచ్చి ఉంటాయో ఊహించండి. ఎప్పుడు ముందు కదలాలి, ఎప్పుడు ఆగి చూడాలి అని తేల్చే కొలత ఒకటి చెప్పగలిగితేనే అది వ్యాసం అవుతుంది.

నాకు ఆ కొలత ఆటల్లో దొరికింది. అక్కడ ఈ ప్రశ్న నాణెం ఎగరేసి మరీ అడుగుతారు కాబట్టి, జవాబును పరిశీలించడం తేలిక.

ఆగినవాడికి లాభం ఉన్న చోటు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి కొంచెం చెప్పాలి. మనం ఆడే ఫుట్‌బాల్ కాదిది. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు వెళ్ళాలి. గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు, ఆపైన ఒకటో రెండో అదనంగా తెచ్చుకునే అవకాశం. అంతదూరం వెళ్ళలేమనుకుంటే బంతిని తన్ని స్తంభాల మధ్య నుంచి పంపొచ్చు, దానికి 3 పాయింట్లు.

మ్యాచ్ సమమైతే ఓవర్‌టైమ్. అక్కడ పై స్థాయి కాలేజీ జట్లకు ఈ పద్ధతి 1996 నుంచి ఉంది. ప్రత్యర్థి గీతకు 25 గజాల దూరం నుంచి ఒక్కో జట్టుకు ఒక్కో అవకాశం ఇస్తారు. టాస్ గెలిచిన కెప్టెన్ ముందు బంతి తీసుకోవచ్చు, లేదా ముందు ప్రత్యర్థిని అడ్డుకోవచ్చు. దాదాపు అందరూ ముందు అడ్డుకోవడమే ఎంచుకుంటారు. కారణం సూటిగా ఉంటుంది. ముందు ఆడిన జట్టు నాలుగో ప్రయత్నానికి వచ్చేసరికి "3 పాయింట్లతో సరిపెట్టుకోవాలా, తెగించి 6 కోసం వెళ్ళాలా" అన్నది ఊహించి తేల్చుకోవాలి. తర్వాత ఆడే జట్టుకు ఆ ఊహ అక్కర్లేదు. అవతలివాళ్ళకు సున్నా వస్తే 3 చాలు. వాళ్ళకు 7 వస్తే 3తో పనే లేదు.

అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2024 ఫిబ్రవరి 11న లాస్ వెగాస్‌లో సూపర్ బౌల్ ఓవర్‌టైమ్‌కు వెళ్ళింది. శాన్‌ఫ్రాన్సిస్కో టాస్ గెలిచి ముందు బంతి తీసుకుని 3 పాయింట్లు చేసింది. తర్వాత కాన్సాస్ సిటీ వంతు. నాలుగో ప్రయత్నం, ఇంకా ఒక గజం కావాలి, అదీ సొంత సగంలోనే ఉన్నారు. మామూలుగా అయితే అక్కడ బంతిని దూరంగా తన్నేస్తారు. ఇప్పుడు బంతి వదిలితే మ్యాచ్ పోయినట్టే అని వాళ్ళకు తెలుసు. క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ తనే పరుగెత్తి ఆ గజం దాటించాడు. చివరికి టచ్‌డౌన్ చేసి 25-22తో గెలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్‌కీ ఒక లెక్క ఉంది. రెండు జట్లూ సమానంగా చేస్తే మూడో అవకాశం తమదే అవుతుంది, అప్పుడు ఒక్క స్కోరుతో మ్యాచ్ ముగుస్తుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు, కానీ ఆ మూడో అవకాశం దాకా ఆట సాగలేదు.

ఆగినా లాభం లేని చోటు

ఇప్పుడు మన ఫుట్‌బాల్‌కి, మా జంషెడ్‌పూర్‌కి వద్దాం. 2024 ఆగస్టు 23న ఇక్కడి జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో డ్యూరాండ్ కప్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. మోహన్ బగాన్, పంజాబ్ 3-3తో నిలిచాయి. పెనాల్టీ షూటౌట్‌లో మోహన్ బగాన్ 6-5తో గట్టెక్కింది. షూటౌట్‌లోనూ టాస్ ఉంటుంది, గెలిచిన కెప్టెన్ ముందు కొట్టాలో తర్వాత కొట్టాలో చెప్పొచ్చు. 2003కి ముందు ఆ ఎంపిక లేదు, టాస్ గెలిచినవాళ్ళే ముందు కొట్టాలి.

మరి ఇక్కడ తర్వాత వెళ్ళడం లాభమా? అవతలివాళ్ళ ఫలితం తెలుస్తుంది, నిజమే. తెలిసి ఏం చేస్తారు? వాళ్ళు గోల్ కొట్టినా మీరు గోల్ కొట్టాలి. వాళ్ళు తప్పినా మీరు గోల్ కొట్టాలి. 3 పాయింట్లా 6 పాయింట్లా అన్న ఎంపికే లేదు. చేసే పని మారదు, బరువు మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే ఎక్కువసార్లు వెనకబడి ఉండి సమం చేయడానికే కొట్టాల్సి వస్తుంది. 2010లో అపెస్టెగియా, పలాసియోస్-హుయెర్టా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 129 షూటౌట్లు చూసి, ముందు కొట్టినవాళ్ళు దాదాపు 60 శాతం గెలిచారని తేల్చారు. తర్వాత ఇంకా ఎక్కువ షూటౌట్లు లెక్కేసిన వేరే పరిశోధకులకు అంత తేడా కనిపించలేదు. ఎస్సేలో మొదటి అంకె ఒక్కటే రాసి వదిలేయకండి, రెండూ రాయండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పొచ్చు. కాలేజీ ఫుట్‌బాల్‌లో లాగా తర్వాత వెళ్ళడం ఇక్కడ వరం కాదు.

"మన హైదరాబాద్ తర్వాత కొట్టి గెలిచింది కదా" అని మీలో ఎవరో అంటారు. నిజమే. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్లో కేరళ ముందు కొట్టింది, హైదరాబాద్ 3-1తో గెలిచింది. ఆ రోజు గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అది కట్టిమణి చేతుల గొప్పతనం, వరుస గొప్పతనం కాదు. ఒక్క ఫలితం చూపించి సూత్రం తయారుచేయకండి.

కొలత

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. రెండు చోట్లా తర్వాత వెళ్ళేవాడికి సమాచారం దొరుకుతుంది. ఒకచోట ఆ సమాచారంతో చేసే పని మారుతుంది. రెండోచోట మారదు. అంతే తేడా. తెలిసిన విషయం వల్ల చేసే పని మారేటట్టయితే ఆగండి. మారకపోతే కదలండి.

దీనికి రుజువు ఆ కాలేజీ ఫుట్‌బాల్‌లోనే ఉంది. 2021 నుంచి మూడో ఓవర్‌టైమ్ మొదలు ఒక్కో జట్టుకు 3 గజాల దూరం నుంచి ఒకే ఒక్క ప్రయత్నం ఇస్తున్నారు. వస్తే 2 పాయింట్లు, లేకపోతే సున్నా. ఆ ఏడాది అక్టోబర్ 23న ఇల్లినాయ్, పెన్ స్టేట్ తొమ్మిది ఓవర్‌టైమ్‌ల దాకా వెళ్ళి, ఇల్లినాయ్ 20-18తో గెలిచింది. ఆట అదే, మైదానం అదే. ఎంపికలు ఒక్కటికి తగ్గేసరికి అది కూడా మన షూటౌట్ లాగే అయిపోయింది. అవతలివాళ్ళ స్కోరు తెలిసినా చెయ్యాల్సింది ఒకటే.

మన సంగతి

2025 ప్రిలిమ్స్ మే 25న జరిగింది. ఫలితం జూన్ 11న వచ్చింది. మెయిన్స్ ఆగస్టు 22న మొదలైంది. అంటే ప్రిలిమ్స్ నుంచి మెయిన్స్‌కి 89 రోజులు. ఫలితం కోసం ఆగితే అందులో 17 రోజులు, దాదాపు ఐదో వంతు, పోతాయి. ఆ 17 రోజులు మన టెలిగ్రామ్ గ్రూపుల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒక్కో కోచింగ్ వాళ్ళది ఒక్కో కీ. నాలుగు కీలతో నాలుగు స్కోర్లు లెక్కేసుకుని, కటాఫ్ ఎంతని వాదించుకోవడం.

నా విషయం చెబుతాను. ఆ సమయంలో నా ముందు రెండు నిర్ణయాలున్నాయి. ఒకటి మెయిన్స్ ఆన్సర్ రైటింగ్ మొదలుపెట్టాలా వద్దా. రెండోది ఆదిత్యపూర్‌లోని ఒక చిన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం. జూన్ నెలాఖరులోగా చెప్పమన్నారు. నాన్న వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. తాతయ్య శ్రీకాకుళం నుంచి ఇక్కడి ప్లాంట్‌లో పనికొచ్చినప్పటి నుంచి మా ఇంట్లో జీతం రాని నెల లేదు. కద్మాలో ఉండే మావయ్య వచ్చి, "రిజల్ట్ రానీరా, అప్పుడు అన్నీ ఒకేసారి చూద్దాం" అన్నారు.

"ఒకటి చూద్దాం మావయ్యా, ఇంకోటి ఆగదు" అన్నాను.

ఉద్యోగం విషయంలో ఆగాను. ఫలితం వస్తే నా జవాబు మారుతుంది కాబట్టి. పాసైతే వద్దంటాను, లేకపోతే చేరతాను. గడువు నెలాఖరు దాకా ఉంది, ఆగడానికి నాకు ఖర్చు లేదు. ఆన్సర్ రైటింగ్ విషయంలో ఆగలేదు. నా స్కోరు బోర్డర్ మీద ఉంది, ఏ కీ చూసినా అది తేలదు. తేలకపోతే రేపు పొద్దున్న ఐదింటికి చెయ్యాల్సిన పని మారదు. మే 27 నుంచి రోజుకు రెండు జవాబులు రాశాను.

జూన్ 11న జాబితాలో నా నంబర్ లేదు. ఆ సాయంత్రం ఫ్యాక్టరీకి ఫోన్ చేసి చేరతానని చెప్పాను. నాన్న ఏమీ అనలేదు, రాత్రి భోజనాల దగ్గర నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేశారు. రాసిన జవాబులు ఫైల్లో ఉన్నాయి. ఇప్పుడు డ్యూటీకి ముందు పొద్దున్నే వాటినే తిరగరాస్తున్నాను. నంబర్ రాలేదు కాబట్టి ముందు మొదలుపెట్టడం వృథా అని మావయ్య అంటారు. మే 27న నాకు తెలిసినదాన్ని బట్టి చూస్తే ఈ రోజుకీ అదే చేస్తాను.

ఇది అందరికీ ఒకేలా వర్తించదు. అదే నెలలో మీకు జేపీఎస్సీయో, గ్రూప్-1ఓ, బ్యాంకు పరీక్షో ఉంటే, మీ చేతిలో నిజంగా రెండు దారులున్నట్టే. స్కోరు బాగా తక్కువని అన్ని కీలూ ఒకే మాట చెబుతుంటే, ఆ సమాచారం మీ పనిని మారుస్తుంది. దాన్ని వాడుకోండి.

ఎస్సేలో ఎలా వాడాలి

ఈ కొలతను పాలనకు అన్వయించండి. తుఫాను వస్తోందంటే తీరంలోని ఊళ్ళు ఖాళీ చేయించడానికి, అది ఎక్కడ తీరం దాటుతుందో కచ్చితంగా తెలిసేదాకా ఆగలేం. తెలిసే సమయానికి చెయ్యడానికి ఏమీ మిగలదు. అదే ఒక కొత్త పథకమైతే, కొన్ని జిల్లాల్లో అమలు చేసి, ఫలితం చూసి మార్చుకునే వీలుంటుంది. అక్కడ ఆగి చూడటం జాప్యం కాదు.

ఈ వారం ప్రశ్న: "వేచి చూడటం ఎప్పుడు వివేకం, ఎప్పుడు తప్పించుకోవడం?" 1000 నుంచి 1200 పదాలు, గంటన్నర. రాసేముందు మార్జిన్‌లో ఒక్క వాక్యం పెట్టుకోండి: ఇది తెలిస్తే నేను చేసే పని ఏం మారుతుంది? ఆ వాక్యానికి జవాబు లేని పేరాలు కొట్టేయండి. ఆదివారం నాకు సెలవు, ఆ రోజు కూర్చుని మీవి చదువుతాను.