ఇచ్ఛాపూర్ లోకల్‌లో తూటాల కథ

కోల్‌కతా వెళ్లే తెలుగువాళ్లు మామూలుగా చూసేవి కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్. ఓ పూట మిగిలితే రసగుల్లాలు, చీరలు. అలా మిగిలిన పూటని ఈసారి సియాల్దా స్టేషన్‌కి ఇచ్చి చూడండి. ఫలక్‌నుమాలో వెళ్లి హౌరాలో దిగినవాళ్లు ఒకప్పుడు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వంతెన దాటి రావాల్సి వచ్చేది. 2025 నుంచి హుగ్లీ నది అడుగున వెళ్లే మెట్రోలోనే సియాల్దా చేరొచ్చు. అక్కడ నైహాటీ వైపు పోయే లోకల్ ఎక్కితే దారిలో డమ్‌డమ్, బారక్‌పూర్, ఇచ్ఛాపూర్ వస్తాయి. (చివరిది మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం కాదు, పేరు విని కంగారు పడకండి.) అంతా కలిపి 30 కిలోమీటర్ల లోపే. మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపి ఇచ్చే ఝాల్‌ముడి పొట్లం ఖాళీ చేసి చేతులు దులుపుకునేలోగా దిగాల్సిన చోటు వచ్చేస్తుంది.

ఈ చిన్న ప్రయాణంలో ఓ పాత తగువు దాగి ఉంది. తుపాకీతో పనిపడేవాళ్లు, అంటే సైనికులు, పోలీసులు, పోటీ షూటర్లు, విదేశాల్లో లైసెన్సు తీసుకుని వేటాడేవాళ్లు ఎక్కడ కలిసినా మొదలెట్టే వాదన అది. కొత్తగా వచ్చిన తూటా నిజంగానే మెరుగైనదా, లేక ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసిన పాతదే చాలా? ఈ ప్రశ్నకి ఈ రైలుమార్గం పొడవునా దొరికినంత ఖరీదైన జవాబులు ఇంకెక్కడా దొరకవేమో.

ముందుగా ఒక మాట. తూటా అని ఒక్క ముక్కలో అనేస్తాం గానీ అందులో నాలుగు భాగాలు ఉంటాయి. ముందుండే గుండు, దాన్ని తోసే మందు, రెండింటినీ పట్టుకునే ఇత్తడి గొట్టం, అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ. ఎగిరి వెళ్లేది గుండు ఒక్కటే. కొత్త తూటా కనిపెట్టడమంటే ఈ కొలతల్ని అటూ ఇటూ మార్చడమే.

కాగితమే కొంప ముంచింది

డమ్‌డమ్ అంటే ఈ తరానికి ఎయిర్‌పోర్టు. బెంగాల్ ఫిరంగి దళం 1783 నుంచి 1853 దాకా కొలువున్నది ఇక్కడే. 1857 జనవరిలో ఇక్కడ సిపాయిలకు కొత్త ఎన్‌ఫీల్డ్ రైఫిల్ నేర్పడానికి శిక్షణ శిబిరం నడుస్తోంది. అప్పటిదాకా వాళ్ల చేతుల్లో ఉన్నది బ్రౌన్‌బెస్ మస్కెట్. దాని గొట్టం లోపల నున్నగా ఉండేది. వంద గజాలు దాటితే గురి దైవాధీనం. ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మెలితిరిగిన గాడులు ఉండేవి. గుండు బొంగరంలా తిరుగుతూ వెళ్లేది కాబట్టి 300 గజాల అవతలి మనిషి కూడా గురికి అందేవాడు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా తిరుగులేని మెరుగుదల ఉండదు.

ఆ కాగితమే కొంప ముంచింది. తూటాని చుట్టింది కాగితంతో. దాని కొన పళ్లతో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండుని కాగితంతో సహా దట్టించాలి. గాడుల్లో బిగుసుకోకుండా జారడానికి కాగితానికి కొవ్వు పూసేవారు. అది ఆవుదీ పందిదీ అన్న మాట మొదట డమ్‌డమ్ కర్మాగారంలో పనిచేసే ఓ ఖలాసీ నోట వచ్చిందని అప్పటి సైనికాధికారుల నివేదికలు చెబుతాయి. తాగడానికి లోటా అడిగితే మైలపడుతుందని ఇవ్వని బ్రాహ్మణ సిపాయిని అతను దెప్పాడట, ఇంకొన్నాళ్లకు ఆ కొవ్వు కొరికినప్పుడు నీ కులం ఏమవుతుందో చూసుకోమని.

కంపెనీవాళ్లు సర్దుబాటుకి దిగారు. నూనో నెయ్యో మీరే పూసుకోండన్నారు. కొరకొద్దు, చేత్తో చింపండన్నారు. కానీ అనుమానం అప్పటికే తూటాని దాటి వెళ్లిపోయింది. ఆ ఏప్రిల్‌లో మీరట్‌లో 85 మంది సవార్లు ముట్టుకోబోమన్నది కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలని కాదు, చాలాకాలంగా వాడుతున్న పాత రకాన్నే! కొత్తది వస్తూ వస్తూ పాతదాని మీద నమ్మకాన్ని కూడా పట్టుకుపోయింది. గురి ఎంత దూరం పెరిగిందో కొలిచినవాళ్లు, దాన్ని నోట పెట్టుకోవాల్సినవాడిని మాత్రం ఒక్క మాటా అడగలేదు. నన్నడిగితే మొత్తం కథలో అసలు తప్పు అదే.

బారక్‌పూర్‌లో దిగి నది వైపు వెళ్తే పెద్ద పెద్ద చెట్ల నీడలో కంటోన్మెంట్, గాంధీ ఘాట్, మంగళ్ పాండే పేరుతో ఒడ్డునే ఒక ఉద్యానవనం. 1857 మార్చి 29న అతను తిరగబడింది ఈ ఊళ్లోని పరేడ్ మైదానంలో. ఏప్రిల్ 8న ఉరితీశారు. ఇప్పుడక్కడ ఎక్కువగా కనిపించేది పిల్లల్ని తీసుకుని సాయంత్రం గాలికి వచ్చిన కుటుంబాలు. బారక్‌పూర్ బిర్యానీకి కోల్‌కతా అంతా పేరుంది. మాంసం ముక్క పక్కన ఉడికిన బంగాళాదుంప పెడతారు. హైదరాబాద్ వాళ్లు చూసి ముక్కు చిట్లించకుండా ఒకసారి తినండి.

అన్నట్టు 1866కల్లా బ్రిటిష్ సైన్యం స్నైడర్ రైఫిల్‌కి మారింది. లోహపు తూటా, వెనకనుంచి పెట్టేయడమే. కొరికే పనే లేదు. ఇంత రక్తం పారించిన తూటా ఆయుష్షు ఇంకో పదేళ్లు కూడా లేదన్నమాట.

చిన్నదైతే చాలదన్నారు

రైలు ఇచ్ఛాపూర్ చేరేలోగా డమ్‌డమ్ బాకీ ఒకటి తీర్చాలి. 1888లో బ్రిటిష్ సైన్యం .303 తూటా తీసుకుంది. మనవాళ్ల నోట్లో త్రీనాట్‌త్రీ అయింది ఇదే. అంతకుముందున్న మార్టినీ హెన్రీ గుండు సుమారు 31 గ్రాముల సీసం ముద్ద. కొత్తది 14 గ్రాములే, పైన గట్టి లోహపు తొడుగు. వేగం ఎక్కువ, దెబ్బ దూరం వెళ్తుంది, ఎక్కువ తూటాలు మోసుకెళ్లొచ్చు. లాభాలన్నీ నిజమే. కానీ 1895లో చిత్రాల్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఫిర్యాదు చేశారు. గుండు శరీరంలోంచి సన్నగా దూసుకుపోతోంది, తగిలినవాడు ఆగకుండా మీదికి వస్తూనే ఉన్నాడు అని. పాత సీసం ముద్దే నయమన్నది వాళ్ల గోడు.

డమ్‌డమ్ కర్మాగారం సూపరింటెండెంట్ కెప్టెన్ బెర్టీ క్లే దానికి చేసిన మందు చిన్నదే. గుండు ముక్కు దగ్గర తొడుగు తీసేసి లోపలి సీసం బయటికి కనిపించేలా ఉంచాడు. తగలగానే అది పువ్వులా విచ్చుకుంటుంది. గాయం మాత్రం పువ్వులా ఉండదు. అలా ఊరి పేరు ప్రపంచ భాషల్లోకి ఎక్కింది. 1899లో హేగ్ సమావేశం ఇలాంటి గుళ్లని యుద్ధాల్లో వాడకూడదని ప్రకటించింది. బ్రిటన్ మొదట ఒప్పుకోలేదు, 1907లో దిగొచ్చింది. 1910లో .303కి 11 గ్రాముల కోసుగా ఉండే గుండు తెచ్చారు. అది విచ్చుకోదు గానీ ముక్కు తేలిక, వెనక బరువు కావడంతో ఒంట్లోకి వెళ్లగానే పల్టీ కొడుతుంది. నిబంధన నిలిచింది, గాయమూ తగ్గలేదు!

విచిత్రమేమంటే అదే బ్రిటన్‌లో జింకని వేటాడాలంటే విచ్చుకునే గుండే వాడాలని ఇవాళ చట్టం ఉంది. లేకపోతే జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో తీసుకుతీసుకు చస్తుందని. మెరుగు అన్న మాటకి ఎవరికి, దేనికి అన్న రెండు ముక్కలు తగిలించకపోతే అర్థమే లేదు.

ఇచ్ఛాపూర్ గేటు ముందు

ఇక్కడ 1787లోనే తుపాకీ మందు కర్మాగారం పెట్టారు. అదే స్థలంలో 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ వచ్చింది. మన పోలీస్ స్టేషన్ల ముందు సెంట్రీ భుజాన దశాబ్దాల పాటు చూసిన త్రీనాట్‌త్రీల్లో చాలావాటికి పుట్టిల్లు ఇదే. గోడలు, గేటు, షిఫ్టు టైముకి సైకిళ్లు. లోపలికి వెళ్లనివ్వరు, కెమెరా బయటికి తీయకపోవడమే మంచిది.

1962లో చైనాతో మన జవాన్లు పోరాడింది .303తోనే. ఆ తర్వాత ఇచ్ఛాపూర్ అదే పాత రైఫిల్‌ని 7.62 నాటో తూటాకి సరిపోయేలా మార్చి తయారుచేసింది. గుండు బలంలో ఈ రెండింటికీ తేడా స్వల్పమే. నిజమైన లాభం తూటా మడమ దగ్గర ఉంది. .303కి అడుగున అంచు బయటికి పొడుచుకొస్తుంది. మ్యాగజైన్‌లో ఒకదాని అంచు ఇంకోదానికి తగులుకునే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. 7.62కి ఆ అంచు లేదు. వరసగా పేల్చే ఆయుధాలకి అది హాయి.

1990ల్లో ఇన్సాస్ వచ్చింది. 5.56 తూటా బరువు 12 గ్రాములు, 7.62ది దానికి రెట్టింపు. అంటే అదే బరువుకి జవాను రెండింతల తూటాలు మోయొచ్చు. కొండలెక్కేవాడికి ఇది చిన్న విషయం కాదు. అయితే 1999 కార్గిల్ చలిలో రైఫిల్ మొరాయించడం, మ్యాగజైన్లు పగలడం జరిగాయి. అవి తుపాకీ లోపాలు. తూటా మీద మాత్రం, తగిలినవాడు వెంటనే పడడం లేదని చిత్రాల్ నాటి ఫిర్యాదే మళ్లీ వినపడింది. 2019లో సైన్యం అమెరికా నుంచి 7.62 నాటో రైఫిళ్లు తెప్పించింది. 2021లో అమేఠీ దగ్గర కోర్వాలో ఏకే-203ల తయారీకి ఒప్పందం కుదిరింది. దాని తూటా 1943 నాటి రష్యా నమూనా. ముందుకెళ్లామా, వెనక్కొచ్చామా?

2008 నవంబరు 26 రాత్రి ముంబై సీఎస్టీ స్టేషన్‌లో పోలీసుల చేతుల్లో లాఠీలు, కొన్ని త్రీనాట్‌త్రీలు. ఎదురుగా ఏకేలు. తూటా పాతదై ఓడిపోయామని అప్పుడు చాలామంది అన్నారు. లెక్క చూస్తే .303 గుండుకి ఏకే గుండు కన్నా ఒకటిన్నర రెట్లు శక్తి ఎక్కువ. తక్కువైంది తూటా బలం కాదు. ప్రతిసారీ బోల్ట్ లాగి పేల్చాల్సిన తుపాకీ ఒక కారణం, సాధన ఇంకో కారణం. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవాన త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారు. తుపాకీ మార్చడం తేలిక. ఏడాదికి ఒక కానిస్టేబుల్ చేత ఎన్ని తూటాలు కాల్పిస్తారన్నది బడ్జెట్ దగ్గర ఆగిపోయే ప్రశ్న.

వేట రైఫిళ్ల మార్కెట్ సంగతీ ఇంతే. అమెరికాలో 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ మీద చేసినంత ఆర్భాటం అంతా ఇంతా కాదు. 1894లో స్వీడన్, నార్వేలు తీసుకున్న 6.5 తూటా పక్కన పెడితే గుండు లావు ఒకటే, సుమారు 9 గ్రాముల గుండు బరువూ ఒకటే, వేగం దాదాపు ఒకటే. కొత్తదాని ఇత్తడి గొట్టం పొట్టిది కాబట్టి పొడుగాటి గుండు చిన్న రైఫిల్‌లో ఇముడుతుంది. పోటీకి పనికొచ్చే నాణ్యమైన తూటాలు దుకాణంలో సిద్ధంగా దొరుకుతాయి. ఇవి నిజమైన సౌకర్యాలే. కానీ బీరువాలో పాత స్వీడన్ రైఫిల్ ఉన్నవాడు దాన్ని అమ్మి కొత్తది కొనాల్సినంత తేడా నాకైతే కనపడదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచింది .22 లాంగ్ రైఫిల్ తూటాతో. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 50 మీటర్ల ప్రోన్‌లో కాల్చింది కూడా అదే. అది 1887లో పుట్టింది! ఆ స్థాయి షూటర్లు కొత్త తూటా కోసం వెతకరు. ఒకే కంపెనీ, ఒకే రకంలో వేర్వేరు బ్యాచ్‌లు తెప్పించి, తమ గొట్టానికి ఏది కుదురుతుందో కాల్చి చూసి, ఆ బ్యాచ్ డబ్బాలు కొని పెట్టుకుంటారు.

పౌరుల కోసం ఇచ్ఛాపూర్ తయారుచేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్‌ది ఇంకో కథ. సైన్యం వాడే .303 తూటా జనం చేతుల్లో పడకూడదని బ్రిటిష్ వాళ్లు దాన్ని నిషేధించారు. ఆ ఖాళీలోకి ఆస్ట్రియా-హంగరీ సైన్యం 1890 ప్రాంతంలో వాడిన 8 మిల్లీమీటర్ల తూటా వచ్చి కూర్చుంది. దాన్ని తెచ్చిన సామ్రాజ్యం 1918లో పోయింది. భయపడి నిషేధించిన సామ్రాజ్యం 1947లో వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఈ గోడల వెనక .315 తయారవుతూనే ఉంది, అది మంచిదా కాదా అని ఎవరూ వాదించుకోకుండానే.