కుక్కపిల్లకు ఇంటి ఎల్లలు

కుక్కను పెంచిన ఇంట చెప్పుకొనే కథలన్నియు దాని విశ్వాసమును గురించినవే. అది మొదటి మూడు నెలలు హాలులోను, పడకగదిలోను చేసిన పనులను గురించి ఎవరును వ్రాయరు. వ్రాయటం మర్యాద కాదని కాబోలు. కాని పుదుచ్చేరిలోను, చెన్నపట్నములోను స్థిరపడిన మనవారిలో, పిల్లల పంతమునకు తెచ్చిన కుక్కపిల్లను నెల తిరుగకముందే ఎవరికో ఇచ్చివేసినవారిని నేనెరుగుదును. కారణము ఈ చెప్పుకొనని సంగతియే. అందుచేత మర్యాదను కొంచెము పక్కకు పెట్టి వ్రాస్తున్నాను.

2022 వేసవిలో నేను యానాములో మా వదినగారి ఇంట ఉన్నాను. 30 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న సీమ పాలనకు పుదుచ్చేరిదైనా, నేలకు గోదావరిదే. వదినగారి మనుమడు, పదకొండేండ్లవాడు, గౌతమి ఒడ్డున ఇసుకలో పుట్టిన ఒక ఊరకుక్క పిల్లను చొక్కాలో చుట్టి తెచ్చినాడు. దానికప్పటికి ఏడెనిమిది వారాలుండవచ్చును. మా వదినగారు మడి, తులసికోట, వేకువనే కళ్ళాపి, ముగ్గు గల మనిషి. మొదటి వారములోనే ఆ పిల్ల పూజగది గడపమీద తన గుర్తు ఉంచినది.

"ఇంకొక్కసారి ఇట్లా జరిగితే వంతెన దాటించి ఎదుర్లంకలో వదిలి రమ్మంటాను. మీరు మాత్రం దానికి వకాల్తా పుచ్చుకోకండి మరిదిగారూ" అన్నారు.

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. కుర్రవాడు భయపడి కర్ర తీసినాడు. దాని ముక్కు ఆ తడిలో రుద్ది రెండు వేస్తే బుద్ధి వస్తుందని వీధిలో ఎవరో చెప్పినారట.

ఆ కర్రను చూడగానే నాకు భారతము జ్ఞాపకము వచ్చినది. మన ఆదికావ్యపు తొలి ఘట్టాలలోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడు సత్రయాగము చేస్తున్న చోటికి వచ్చిన సారమేయుని ఆయన తమ్ములు కొట్టినారు. అది ఏడ్చుకొంటూ తల్లి సరమతో చెప్పుకొన్నది. సరమ రాజు ఎదుటికే వచ్చి, తప్పెరుగని నా బిడ్డను కొట్టినందుకు కంటికి కనబడని భయము మీకు వాటిల్లుతుందని పలికి పోయినది. యానామునకు ఎగువన, ఇదే గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరములో నన్నయభట్టు ఈ కథను తెనిగించినాడు. ధర్మరాజు వెంట నడచిన కుక్కను అందరమూ తలచుకొంటాము గాని ఈ పిల్లను మరచిపోతాము.

నిజానికి కుక్కపిల్ల విషయములో తప్పు అనే మాటకే అర్థము లేదు. పుట్టిన రెండు మూడు వారాల వరకు తల్లియే నాకి శుభ్రము చేస్తుంది. ఆ తరువాత పిల్లలు తమంతట తామే పడుకొనే చోటు విడిచి ఎడంగా పోతాయి. శుభ్రత దానికి పుట్టుకతో వచ్చినదే. తెలియనిదల్లా మన ఇంటి ఎల్లలు. దాని లెక్కలో ఇల్లంటే గోనెసంచి పరచిన మూల మాత్రమే. పూజగది పొరుగూరు. పైగా రెండు నెలల పిల్ల రెండు గంటలకు మించి బిగబట్టలేదు. నాలుగైదు నెలలు నిండితే గాని ఆ పట్టు చిక్కదు.

"మరి తిట్టగానే తల దించి, చెవులు వాల్చి, ఓరగా చూస్తుంది గదా! తప్పు తెలియకనే చూస్తుందా?" అన్నారు వదినగారు.

ఈ ప్రశ్నను పరీక్షించి చూసినవారున్నారు. న్యూయార్కులోని బార్నార్డు కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జు 2009లో ఆ ఫలితాన్ని ప్రకటించినారు. తినవద్దన్న తిండిని ముందుంచి యజమానిని బయటకు పంపి, తిరిగి వచ్చిన యజమానికి కుక్క తిన్నదనియో తినలేదనియో, ఒకప్పుడు నిజము, ఒకప్పుడు అబద్ధము చెప్పినారు. ఆ దోషి చూపు కుక్క చేసిన పనినిబట్టి కాక యజమాని చీవాట్లనుబట్టియే వచ్చినది. ఏమీ తినక తిట్లు మాత్రమే తిన్న కుక్కలలో మరింత ఎక్కువగా కనిపించినది. సరమ వాదము ఇంచుమించు ఇదే. గడియ క్రిందటి మడుగుకు ఇప్పుడు కొడితే, ఈ మనిషి చేయి ప్రమాదమని మాత్రమే పిల్ల గ్రహిస్తుంది. అటుపైన మంచము క్రిందనో బీరువా వెనుకనో కానిస్తుంది. కంటికి కనబడని భయమంటే అదేనేమో అని నేనంటే వదినగారు నవ్వలేదు.

కర్ర అటకెక్కినది. నడక కుర్రవానిది, గడియారము నాది. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగియగానే, రాత్రి మధ్యలో ఒకసారి, పెరట్లో కొబ్బరిచెట్టు మొదట ఒకే చోటికి తీసుకొనిపోవటం. చిన్ననాడు కాలికి తగిలిన నేలమీదనే కుక్కకు మక్కువ కనుక అక్కడ రెండు తట్టల ఇసుక పోయించినాము. పని అయిన ఆ క్షణముననే ఒక బిస్కట్టు ముక్క; ఇంట్లోకి వచ్చిన తరువాత ఇస్తే దేనికిచ్చినారో దానికి తెలియదు. వీధిలోకి మాత్రము పంపలేదు. టీకాలు పూర్తికాని పిల్లకు ఊరకుక్కలు తిరిగే నేలనుండి పార్వో అనే జబ్బు అంటుకొని వాంతులు, విరేచనాలతో ప్రాణము తీయవచ్చును. మేడమీది వాటాలలో ఉండేవారికి ఈ చిక్కు మరీ ఎక్కువ. వారు బాల్కనీలో వెడల్పాటి తొట్టిలో మట్టి పోసి మొదలు పెట్టవచ్చును.

ఫినాయిలు విషయములో వదినగారికీ నాకూ రెండు రోజులు మాటలు లేవు. ఫినాయిలు మన ముక్కును మభ్యపెడుతుంది గాని కుక్క ముక్కును మభ్యపెట్టలేదు. పాత వాసన ఉన్నచోటికే అది మళ్ళీ పోతుంది. సబ్బునీళ్ళతో కడిగి, ఆ వాసనను విరగగొట్టే ఎంజైములు గల ద్రావకముతో తుడిచినప్పుడే పూజగది గడపకు విముక్తి కలిగినది.

మాట కూడా ఒకటే ఉండాలి. నా చిన్నతనములో మా వీధిలో, ఫ్రెంచివారి కొలువు చేసిన పెద్దాయన తమ కుక్కను ఫ్రెంచిలో పిలిచేవారు, వారి భార్య తెలుగులో పిలిచేవారు. 1954లో ఫ్రెంచి పాలన పోయినా ఆ కుక్కకు రెండు భాషలూ వచ్చునని మేము గర్వపడేవారము. ఈ పిల్లకు మాత్రము అందరమూ "బయటికి" అన్న ఒక్క మాటే వాడినాము.

మూడు వారాలు చక్కగా సాగినది. నాలుగవ వారములో బంధువులు దిగినారు, వేళలు తప్పినవి, మళ్ళీ మొదటికి వచ్చినది. చాలామంది విసిగి వదలివేసేది ఇక్కడనే. కుర్రవాడు గోడ కేలండరుమీద పెన్సిలుతో గీతలు గీస్తూ ఉండేవాడు. మొదట్లో రోజుకు నాలుగైదు. జూను చివరకు వారానికి ఒకటి. ఆ గీతలు లేకుంటే మా కోపమే మాకు లెక్కగా మిగిలేది.

జూలైలో గోదావరికి వరద వచ్చినది. ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటినది. యానాములో నదివైపు పేటలు నీట మునిగినవి. ఇల్లు ఎత్తు మీద ఉన్నందున మా గదులలోకి రాలేదు గాని పెరడంతా మోకాటిలోతు నీరు. పిల్ల వెనుక తలుపు దాకా పోయి, నీళ్ళను చూసి, మా ముఖాలు చూసి, మూలుగుతూ నిలిచిపోయినది. తెల్లవారినది మొదలు అట్లే బిగబట్టుకొని తలుపుకూ గదికీ తిరిగినది. వదినగారు చూసి చూసి, అటకమీది వెదురు తట్ట దింపించి, మరమ్మతుకని వసారాలో పోయించిన ఇసుకను తామే దోసిళ్ళతో నింపి, తలుపు పక్కన పెట్టి, "బయటికి" అన్నారు. పిల్ల ఆ తట్టను, ఆమెను మార్చి మార్చి చూసి చాలాసేపు ఆలోచించినది.