చూచే కన్ను ఎవరిది?

కౌమారపు వలపులను చలనచిత్రాలు చిత్రించే తీరును గూర్చి ముచ్చటించేటప్పుడు మనవారు అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: ఇటువంటి చిత్రాలు పిల్లలను పాడుచేస్తాయా, లేదా? అంతకన్న ముఖ్యమని నాకు తోచే ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ కథను మనం పిల్లవాని కన్నులతో చూస్తున్నామా, పిల్ల కన్నులతోనా?

షోలాపురపు తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. 2016లో వెలువడిన మరాఠీ చిత్రం 'సైరాట్' మన జిల్లాలోని కరమాళా ప్రాంతంలో తీసినది. దర్శకులు నాగరాజ్ మంజుళే ఆ తాలూకావారే. సంపన్నుడైన రాజకీయ నాయకుని కూతురు ఆర్చీ, చేపలు పట్టే ఇంటి కుమారుడు పర్శ్యా. మొదటి సగంలో కన్ను చాలావరకు పర్శ్యాదే. ఆర్చీ స్నేహితురాండ్రతో ఈదుతున్న దిగుడుబావిలోకి అతడు పరుగున వచ్చి దూకుతాడు. హాలులో అందరూ నవ్వారు. నా ప్రక్కన కూర్చున్న మనుమరాలు, అప్పటికి పదవ తరగతి, "అమ్మమ్మా, ఆడపిల్లలు ఈదుతుంటే అడగకుండా దూకడమేమిటి?" అన్నది. కథ అతనిది గనుక ఆ దుడుకు వలపుగా కన్పించింది. బావిలో నుండి పైకి చూచేవారికి అది ఎట్లా కన్పిస్తుంది?

అయితే ఆర్చీ చూపులకు లోబడి ముడుచుకొనే పిల్ల కాదు. అతణ్ణి గద్దించి పంపుతుంది. బుల్లెట్టు బండి, ట్రాక్టరు నడుపుతుంది. ఇద్దరూ పారిపోయి హైదరాబాదు చేరిన పిమ్మట కథ మెల్లగా ఆమె వైపు ఒరుగుతుంది. మన తాతలు మగ్గాన్ని నమ్ముకొని ఇటు వచ్చిన దారినే ఆమె అటు వెళ్ళింది. మురికివాడలో కాపురం, కర్మాగారంలో కూలిపని, నోరు తిరగని తెలుగు. ప్రేమించినవాడే అనుమానించి చేయి చేసుకొంటాడు. చిత్రంలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఈ భాగం. విచిత్రమేమంటే చూచివచ్చినవారు పాటలను గూర్చీ, చివరి హత్యను గూర్చీ మాట్లాడారుగాని, ఆ దెబ్బను గూర్చి ఎవ్వరూ మాట్లాడలేదు.

మా వీధిలో ఒక తండ్రి ఆ చిత్రం ఆడుతున్న రోజులలోనే కూతురి స్కూటరు తాళాలు తీసుకొన్నాడు. కొడుకు మోటారుసైకిలు తాళాలు కొడుకు జేబులోనే ఉన్నవి. ఆ పిల్ల ఏడాదిపాటు బస్సు కోసం గంటసేపు ముందుగా ఇల్లు కదిలేది.

కన్నడసీమలోని మనవారు ఈ కథను 2017లో 'మనసు మల్లిగె'గా చూచి ఉంటారు. అందులోను నాయిక రింకూ రాజగురే. 2018 నాటి హిందీ 'ధడక్' మాత్రం ముగింపును మార్చినది. మూలంలో దంపతులిద్దరూ హతులవుతారు, పసివాడు మిగులుతాడు. హిందీలో భర్తా, బిడ్డా పోయి ఆమె మిగులుతుంది. అన్ని నిర్ణయాలూ తానై తీసుకొన్న పిల్ల చివరకు శోకమూర్తిగా నిలిచిపోవడం నాకు రుచించలేదు.

పొరుగు భాషల మధ్య బ్రతికే మనకు 1978 నాటి బాలచందర్ 'మరోచరిత్ర' ఎంతో ప్రియమైనది. పిల్లవాడు తమిళుడు, పిల్ల తెలుగుది. పెద్దలు విధించిన ఏడాది ఎడబాటు. ఆ కడపటి ఘట్టంలో అతనిపై దుండగులు పడి కొడతారు, ఆమెను చెరుస్తారు. ఒకే ప్రేమకు ఇద్దరి శరీరాలు చెల్లించిన వెల ఒక్కటి కాదు. ఆనాడు కన్నీళ్ళలో ఈ తేడాను గమనించినవారు తక్కువ.

2024లో శుచీ తలాటీ అనే దర్శకురాలి 'గర్ల్స్ విల్ బి గర్ల్స్' వచ్చినది. హిమాలయపు కొండల బడిలో చదివే మీరా అనే బాలిక కథ. ఇందులో వలపు పిల్లకు ఒక కుతూహలం, ఒక పరిశోధన. ఆమెకు ఎదురుపడే చిక్కు కులపెద్దలు కారు, తల్లి! కూతురి స్నేహితుని పట్ల ఆ తల్లి చూపే మక్కువలో కావలి ఎంతో, తనకు దక్కని యౌవనంపై బెంగ ఎంతో తేల్చిచెప్పడం కష్టం. పురుషుడు తీసిన 'సైరాట్' సగం దూరం ఆర్చీతో నడిచినది గనుక, దర్శకుడు స్త్రీయా పురుషుడా అన్నదొక్కటే కొలబద్ద అనను. కాని ఆ తల్లి మనస్సులోకి అంత చొరవగా తొంగిచూచిన కౌమార చిత్రం మరొకటి నేను చూచి ఎరుగను.