చదువని ఉత్తరముల లెక్క

ఉత్తరము వచ్చినదనుట వేరు. ఆ ఉత్తరమును చదివితిమనుట వేరు. ఈ రెండింటి నడుమ ఒక చిన్న అంకె నిలిచియుండును. పూర్వము ఆ అంకె గుమాస్తా పుస్తకములో నుండెడిది. నేడు ప్రతివారి ఫోనులోను, కంప్యూటరులోను ఈ-మెయిలు పెట్టె ప్రక్కన కనబడుచున్నది. ఆ అంకె తప్పినట్లు తోచినప్పుడు ఏమి చేయవలెనో, ముఖ్యముగా ఏమి చేయరాదో, మాకు తెలిసినంతవరకు విన్నవింపదలచితిమి.

మా నివాసము ముంబయిలోని ఫాక్‌లాండ్ రోడ్డు. 1848 నుండి 1853 వరకు బొంబాయి గవర్నరుగా నున్న ఫాక్‌లాండ్ ప్రభువు పేరిట వెలసిన ఈ వీథికి నేటి పేరు పఠ్ఠే బాపూరావు మార్గము. ప్రక్కనున్న కామాఠీపురకు ఆ పేరు, తెలుగునాటినుండి కూలికి వచ్చి ఈ నగరమున గోడలెత్తిన కామాఠీల వలన కలిగినది. ఆ కాలమున అక్షరములు రాని శ్రామికులకు ఉత్తరములును, మనియార్డరు ఫారములును వ్రాసిపెట్టువారు జనరల్ పోస్టాఫీసు ఎదుట కూర్చుండెడివారు. ఊరినుండి కార్డు వచ్చినచో, చాల్‌లో చదువు వచ్చినవాని ఖోలీ ముందు నిలిచి చదివించుకొనుట మా పెద్దలకు అలవాటు.

మేము మెట్రిక్యులేషను వరకు చదివి, ఒక కార్యాలయమున గుమాస్తాగిరీ చేసి విశ్రాంతి గైకొన్నవారము. వచ్చిన ప్రతి కాగితమును ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించుట, నెలాఖరున పెండింగు లెక్క తేల్చుట మా పని. రిజిస్టరులో ఏడు పెండింగని యుండి, కట్టలో నాలుగే కాగితములు దొరకినచో, రిజిస్టరును నమ్మి మూడు కాగితములను పుట్టింపలేము. కట్ట విప్పి, ఒక్కొక్కదానిని చూచి, లెక్కను తిరిగి వ్రాయవలెను. ఈ-మెయిలునందును న్యాయమిదియే.

1986లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమాప్ అను పద్ధతిలో ఉత్తరములు సర్వరు అను దూరపు యంత్రమున నుండును. చదివిన ప్రతిదానిపై ‘సీన్’ అను గుర్తు పడును. మన కంప్యూటరులోని ప్రోగ్రాము ప్రతిసారియు ఉత్తరములన్నిటిని తడవి చూడక, వాని వివరములను వేరొక సూచికలో వ్రాసికొనును. పెట్టె ప్రక్కనున్న అంకె ఆ సూచికనుండి వచ్చునదే. ఫోనులో చదివిన సంగతి కంప్యూటరునకు చేరకముందే సంబంధము తెగినను, ప్రోగ్రాము హఠాత్తుగా మూతపడినను, సూచిక ఒకటి చెప్పును, ఉత్తరములు వేరొకటి చెప్పును.

అట్లని అంకె కనబడినప్పుడెల్ల అది అబద్ధమనుకొనుట తగదు. మా చాల్‌లో ఒక వృద్ధురాలు కలరు. ఆమె భర్త 1982 జనవరి 18న ఆరంభమైన మిల్లుల సమ్మెతో పని పోయినవారు. మిల్లు కార్మికుల కుటుంబములకిచ్చు ఇంటికై ఆమె దరఖాస్తు పెట్టి, మనుమని ఈ-మెయిలు చిరునామా ఇచ్చిరి. మనుమని పెట్టెలో కొన్నాళ్ళుగా ‘ఒకటి’ అను అంకె కదలకుండెను. “అది ఉత్త అంకె తాతా, అన్నీ సదివినట్టు పెడితె పోతది” అని అతడు మాతో ననెను. అవ్వ విని, “ఒకటి సూపిస్తున్నదంటె ఒకటి ఉన్నట్టే గద బిడ్డా” అనిరి.

మేము అవ్వ పక్షము వహించితిమి. చదువని ఉత్తరములను మాత్రమే చూపుమని ప్రోగ్రామును కోరగా, దరఖాస్తు అందినదని ఎనిమిది నెలల క్రిందట వచ్చిన జాబు క్రింద, జాబితా అడుగున ముడుచుకొనియున్న మరియొక ఉత్తరము బయటపడెను. మూలపత్రములు తీసికొని రమ్మని అందు వ్రాసియున్నది. గడువునకు నాలుగు దినములే మిగిలియుండెను. మరునాడే అవ్వయు మనుమడును పత్రములతో వెళ్ళి సమర్పించి వచ్చిరి. ఇల్లు ఇంకను రాలేదు. కాని దరఖాస్తు నిలిచినది.

కావున మొదటి పని వెదకుట. జీమెయిలులో వెదకు గడియందు ‘ఈజ్’ అని ఆంగ్లమున వ్రాసి, రెండు చుక్కలు పెట్టి, ‘అన్‌రెడ్’ అని చేర్చినచో చదువనివి వరుసగా వచ్చును. స్పాము, ట్రాషు పెట్టెలను వేరుగా చూడవలెను. పెక్కు ప్రోగ్రాములు ‘అన్నియు చదివినట్లు గుర్తుపెట్టుము’ అను మీట నిచ్చినవి. అది లెక్కను సరిచేయునది కాదు. నిజముగా చదువనిదానిని సైతము చదివినదానిగా మార్చి, దాని ఆనవాలు చెరిపివేయును.

వెదకినను ఏమియు దొరకనప్పుడు సూచికను శంకింపవలెను. మా పెట్టెలో ఒకప్పుడు ‘మూడు’ అను అంకె నిలిచెను. బ్రౌజరులో సర్వరును నేరుగా చూడగా చదువనిది ఒక్కటియు లేదు. సూచికను తిరిగి కట్టించిన పిమ్మట అంకె పోయినది. థండర్‌బర్డ్ వాడువారు పెట్టె పేరుపై మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీసులోని ‘రిపేర్ ఫోల్డర్’ను నొక్కినచో, ప్రోగ్రాము పాత సూచికను విడిచి, ఉత్తరములనుండి క్రొత్తది వ్రాసికొనును. కొందరు ఫైళ్ళను తామే తుడిచివేయబోవుదురు. పేరు చివర ఎమ్.ఎస్.ఎఫ్. అను తోక కలది సూచిక మాత్రమే. అదే పేరుతో తోక లేకున్నది ఉత్తరముల మూట. దీనిని తుడిచినచో పోవునవి అంకెలు కావు, ఉత్తరములే. ముందుగా నకలు తీసి యుంచుట మేలు.

మన చాల్‌లలో పెద్దల పింఛను, బ్యాంకు, ఇంటి వ్యవహారములు నేడు పిల్లల ఫోనులలోనికి చేరినవి. యువకులు ఆదివారమున ఒక అరగంట కూర్చుండి, చదువని ఉత్తరములను ఒక్కొక్కటిగా తెరచి, పెద్దలకు చదివి వినిపింపవలసినదిగా కోరుచున్నాము.