ముందు నీళ్లు, ఆ తర్వాతే గుడ్డ

కారు మీద దుమ్ము కనబడగానే పొడిగుడ్డ తీసి తుడిచేయడం మనలో చాలామందికి అలవాటు. డిక్కీలో ఓ పాత బనీను ముక్కో, కుచ్చుల డస్టరో ఎప్పుడూ ఉంటుంది. బయల్దేరే ముందు రెండు నిమిషాలు అలా తుడిస్తే బండి కళకళలాడుతుంది. కారు రంగుకు అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఆ రెండు నిమిషాలేనని నాకు తెలియజెప్పింది గాజువాక ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి రంగులు వేస్తున్న ఒక మేస్త్రి.

ఆయన పెద్దగా ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. షెడ్డులో రంగుకు వచ్చిన ఒక నల్ల కారు బానెట్ మీద సెల్‌ఫోన్ టార్చి వేసి, "ఇలా వంగి చూడండి బాబూ" అన్నాడు. వెలుగు పడిన చోట దాని చుట్టూ వలయాలు వలయాలుగా వందల సన్నని గీతలు. ఎవరో గుండ్రంగా రుద్దినట్టే ఉన్నాయి. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. లైటుకు అడ్డంగా పడినవే మెరుస్తాయి కాబట్టి మన కంటికి గుండ్రంగా కనబడతాయి. టార్చి పక్కకు జరిపితే వలయాలూ దాంతో పాటే జరిగాయి. బానెట్ మీద గీత లేని చోటు లేదు.

తర్వాత రంగు మందం కొలిచే చిన్న మిషను తెచ్చి తలుపు మీద ఆనించాడు. నూట పదీ నూట ఇరవై మధ్య అంకె చూపించింది. అవి మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ మందంలోనే నాలుగు పొరలు. అడుగున తుప్పు పట్టకుండా కరెంటు పారించి ముంచి తీసిన పొర, దానిపై ప్రైమర్, ఆపైన మనం రంగు అనుకునే బేస్, అన్నిటికీ పైన క్లియర్. ఈ క్లియర్ మామూలుగా 40, 50 మైక్రాన్లకు మించదు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 ఉంటుంది. కారుకున్న మెరుపంతా, ఎండకు రంగు వెలిసిపోకుండా ఆపే మందంతా వెంట్రుక పాటి కూడా లేని ఆ పొరలోనే ఉన్నాయి.

"మరి కటింగ్ పాలిష్ కొడితే గీతలు పోతాయి కదా మేస్త్రీ" అన్నాను.

"గీత ఎక్కడికీ పోదు బాబూ. దాని చుట్టూ ఉన్న క్లియర్‌ని గీత లోతు దాకా అరగదీస్తాం. అంతే. అరిగింది మళ్లీ వస్తదా?"

కారు కడగడం గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క జవాబులోంచే వచ్చింది. రంగు వాడకంతో కరిగిపోయే సొత్తు. తాకిన ప్రతిసారీ ఎంతో కొంత పోతుంది. కాబట్టి చెయ్యి పెట్టకుండా వదిలేదేదో ముందు దాన్ని వదిలించాలి. నీళ్లతో పోయేదాన్ని నీళ్లతో, నీళ్లకు లొంగనిదాన్ని మందుతో. మిగిలినదాని కోసమే చెయ్యి. ఈ వరస తప్పకపోతే ఖరీదైన సరుకు లేకపోయినా పెద్ద నష్టం ఉండదు. వరస తప్పితే ఎంత ఖరీదైన షాంపూ అయినా ఇసుకను రుద్దడానికే పనికొస్తుంది.

మాది విశాఖపట్నం. ఇక్కడ కారు మీద పడేది ఒక్క మట్టి కాదు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తేమ, రేవు ఊరికి తప్పని బొగ్గు పొడి, ఖనిజపు పొడి, రోడ్డు పనుల తారు, లారీల పొగ మసి అన్నీ కలిసి పేరుకుంటాయి. వీటిలో గట్టి రేణువులు గుడ్డకూ రంగుకూ మధ్య పడ్డాయంటే గీత గీయకుండా వదలవు. అందుకని నీడలో, బానెట్ చల్లారాక మొదలుపెట్టాలి. ముందు చక్రాలు. వాటికి వేరే బకెట్, వేరే బ్రష్ ఉండి తీరాలి, బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అంతా అక్కడే ఉంటుంది కనుక. ఆ తర్వాత పైకప్పు నుంచి కిందికి ధారాళంగా నీళ్లు పోయాలి. ప్రెషర్ గన్ ఉంటే అడుగు దూరానికి తగ్గకుండా పట్టాలి. నురగ చల్లే వీలుంటే చల్లి, నాలుగైదు నిమిషాలు నాననిచ్చి, ఆరిపోకముందే కడిగేయాలి. ఇంతవరకూ కారుకు చెయ్యి తగలదు. మురికిలో పెద్ద భాగం ఇక్కడే పోతుంది.

ఇప్పుడు రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు. మైక్రోఫైబర్ తొడుగు షాంపూలో ముంచి ఒక భాగం తుడవడం, మంచినీళ్లలో జాడించి పిండడం, మళ్లీ షాంపూలో ముంచడం. రెండో బకెట్ అడుగున చేరిన నల్లటి ఇసుకను ఒక్కసారి చూస్తే రెండెందుకని ఇంకెవరూ అడగరు. ఒక్క బకెట్ అయితే ఆ ఇసుక అంతా తిరిగి రంగు మీదికే వచ్చేది. చెయ్యి తేలిగ్గా, అడ్డంగానో నిలువుగానో సూటిగా పోవాలి. తలుపుల కింది భాగం, బంపర్ల అడుగు ఆఖరున. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వద్దు. అవి జిడ్డుతో పాటు రంగు మీది మైనాన్నీ తీసేస్తాయి, కరగని పొడి గరుకుగా రుద్దుకుంటుంది.

ఆరబెట్టడం చాలామంది తేలిగ్గా తీసుకునే పని. మనలో ఎక్కువమందికి బోరు నీళ్లే గతి. నీరు ఆవిరైతే అందులోని సున్నం, మెగ్నీషియం లవణాలు తెల్లటి చుక్కలుగా మిగులుతాయి. రోహిణీ కార్తె ఎండలో బానెట్ మీద అవి ఆరి, మళ్లీ తడిసి, మళ్లీ ఆరితే క్లియర్‌ని తినేసి ముద్ర వేస్తాయి. కొత్త చుక్కలైతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఓ నిమిషం ఆనించి, వెంటనే నీళ్లు పోసి కడిగితే వదులుతాయి. పాతబడితే పాలిషే దిక్కు. అందుకే పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును రంగు మీద పరిచి నెమ్మదిగా లాగాలి, లేదా అద్దాలి. రుద్దకూడదు.

కాకి రెట్ట గురించి విడిగా చెప్పాలి. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది, గింజలూ ఇసుకా ఉంటాయి. ఎండకు మెత్తబడిన క్లియర్ మీద అది ఒక్క మధ్యాహ్నం ఉన్నా చాలు, మచ్చ మిగలొచ్చు. గోటితో గీకడం, పొడికాగితంతో తుడవడం రెండూ ప్రమాదమే. తడిపిన టిష్యూ పరిచి ఐదు నిమిషాలు ఆగితే నాని మొత్తంగా పైకి లేచి వచ్చేస్తుంది. కారులో ఒక నీళ్ల సీసా, నాలుగు టిష్యూలు ఎప్పుడూ ఉంచుకోవడం ఏ కోటింగ్ కన్నా మంచి రక్షణ అని నా నమ్మకం. చెట్టు నీడతోనూ ఇలాంటి చిక్కే. నిద్రగన్నేరు కిందో వేప కిందో పెడితే చల్లగానే ఉంటుంది, సాయంత్రానికి పైనంతా జిగురు తుంపర. అయినా నేను నీడనే ఎంచుకుంటాను, ఆ రోజే నీళ్లు పోసేస్తాను.

మా ఊళ్లో కొత్త బండి కొన్నవాళ్లలో చాలామంది ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడికి తీసుకెళ్లి పూజ చేయిస్తారు. ఆ ఆనందాన్ని వదులుకోమని ఎవరూ చెప్పనక్కర్లేదు. గంధం, కుంకుమ అద్దం మీదో నంబరు ప్లేటు మీదో పెట్టమని పంతులుగారిని అడిగితే కాదనరు. బానెట్ మీద పెట్టినా పసుపు మరక ఎండకు చాలావరకు వెలిసిపోతుంది. కుంకుమను మాత్రం ఆ సాయంత్రమే నీళ్లతో కడగాలి, పొడిగా తుడిస్తే గీతలు. బంతిపూల దండ కట్టుకుని హైవే ఎక్కితే దారం ముడి గాలికి ఊగి ఒకే చోట రాసుకుంటూ పోతుంది. ఇంటికి రాగానే దండ విప్పి గుమ్మానికి కట్టుకోవచ్చు.

బాగా కడిగిన కారు శుభ్రంగా ఉందో లేదో తెలుసుకునే ఉపాయం మేస్త్రి దగ్గరే చూశాను. పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని, తడి రంగు మీద వేళ్ల చివర్లతో నిమిరాడు. నన్నూ నిమరమన్నాడు. కంటికి అద్దంలా కనబడుతున్న తలుపు చేతికి గరుకుగా, ఉప్పు రవ్వ చల్లినట్టు తగిలింది. బ్రేకుల నుంచి, రైలు పట్టాల నుంచి, గ్రైండర్ల నుంచి వేడిగా ఎగిరొచ్చిన ఇనుప రేణువులు క్లియర్‌లో దిగబడి ఉంటాయి. తెల్ల కారు మీద ఇవే నారింజ రంగు చుక్కలై కనబడితే తుప్పు మొదలైందని కంగారు పడతాం. తుప్పు పడుతున్నది ఆ రేణువు, కారు రేకు కాదు.

వాటికి ఐరన్ రిమూవర్ అనే మందు ఉంది. అందులోని థయోగ్లైకోలేట్ ఇనుముతో కలిసి వంకాయ రంగుకు మారుతుంది. చల్లిన కాసేపటికి తెల్ల తలుపు మీద ఒక్కొక్క చుక్కా వంకాయ రంగు కన్నీరై కిందికి జారడం చూడాల్సిందే. కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది కాబట్టి గాలి ఆడే చోట, చేతికి గ్లౌజులు వేసుకుని, ఆరిపోనివ్వకుండా కడిగేయాలి. తారు చుక్కలకు తారు కరిగించే మందు వేరు. కిరసనాయిల్ వాడేవాళ్లూ ఉన్నారు. వాడితే చుక్క వరకే వాడి వెంటనే షాంపూతో కడగాలి. రోడ్డు పక్కన వాటర్ సర్వీసింగ్‌లో కారంతా డీజిల్ పూసి మెరిపిస్తారే, ఆ నూనె జిడ్డు మర్నాటికే దుమ్మునంతా పట్టుకుంటుంది.

మందులకూ లొంగని గరుకు కోసం క్లే. 1995లో తడావో కొదాటె అనే జపాన్ ఆయనకు దీని మీద అమెరికా పేటెంట్ వచ్చింది. అందులో దీన్ని వంగే సానరాయి అనే అర్థం వచ్చేలా పేర్కొన్నారు. ఆ పేరు మనసులో ఉంచుకుంటే చాలు, ఎంత జాగ్రత్తగా వాడాలో తెలుస్తుంది. పూరీ పిండిలా ఉండే చిన్న ముద్దను అరచేతిలో చదును చేసి, రంగు మీద జారుడు ద్రవం బాగా చల్లి, బరువు వేయకుండా ముందుకీ వెనక్కీ జరపాలి. మొదట గరగరమని చప్పుడు, చేతికి పట్టేసినట్టు ఉంటుంది. కొన్నిసార్లు జరిపాక చప్పుడు ఆగుతుంది, ముద్ద జారిపోతుంది. తిప్పి చూస్తే గోధుమ రంగు మరకలు. లోపలికి మడిచి కొత్త వైపు వాడాలి. నేల మీద పడితే ఎంత కొత్తదైనా పారేయాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లు మించి ఈ పని అక్కర్లేదు, ఎందుకంటే క్లే కూడా ఎంతో కొంత గీస్తుంది. మాట్ రంగు మీద అసలు వాడొద్దు.

రక్షణ విషయంలో మార్కెట్ చాలా మాట్లాడుతుంది. కార్నూబా మైనం బ్రెజిల్‌లో ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మెరుపు బాగుంటుంది, మన ఎండల్లో నెలా రెండు నెలల్లో పోతుంది. సీలెంట్ అనే కృత్రిమ పూత ఇంకొన్ని నెలలు నిలుస్తుంది. సరిగ్గా వేసిన సిరామిక్ కోటింగ్ ఏళ్లు ఉండగలదు. అయితే 9హెచ్ అని గొప్పగా చెబుతారే, అది పెన్సిల్ గట్టిదనాన్ని కొలిచే కొలత. వజ్రాన్నీ గాజునూ పోల్చే కొలత వేరు. లారీ చక్రం విసిరిన రాయిని సిరామిక్ ఆపలేదు, దాన్ని తట్టుకునేది రంగు మీద అతికించే మందపాటి పీపీఎఫ్ ఫిల్ము. షోరూములో టెఫ్లాన్ అని చెబితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. టెఫ్లాన్ కరిగేదే 327 డిగ్రీల దగ్గర. కారు రంగు మీద అంత వేడి ఎవరూ పెట్టరు కనుక పెనానికి అతికినట్టు దీనికి అతకదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది స్ప్రే సీలెంట్. కడిగి, క్లే చేసి, పల్చగా చల్లి, శుభ్రమైన గుడ్డతో తుడిచేస్తే చాలు. తర్వాతి వాష్‌లో మురికి నీళ్లతోనే జారిపోవడం, గుడ్డ పని తగ్గడం దాని అసలు లాభం.

ఇదంతా సొంత ఇల్లూ, గొట్టమూ ఉన్నవాళ్లకు సరే. అపార్ట్‌మెంట్లలో పైపు వాడనివ్వరు, నీళ్ల కరువులో వాడనూ కూడదు. తెల్లారకముందే ఒక కుర్రాడు ఒక్క బకెట్, ఒక్క గుడ్డతో సెల్లార్‌లోని కార్లన్నీ తుడిచి కాలేజీకో ఇంకో పనికో పోతాడు. మొదటి కారు ఇసుక చివరి కారు దాకా వెళుతుంది. తప్పు అతనిది కానే కాదు. రోజూ మెరవాలని అడిగింది మనం, సామాను ఇవ్వనిది మనం. దీనికి రిన్స్‌లెస్ వాష్ అనే ద్రవం బాగా పనికొస్తుంది. ఒక బకెట్ నీళ్లలో సీసా మీది పాళ్లలో కొద్దిగా కలిపితే అందులోని పాలిమర్లు మురికి రేణువులను చుట్టుకుని రంగుకు రాసుకోకుండా జారేలా చేస్తాయి. ముందు అదే నీళ్లు స్ప్రే బాటిల్‌తో చల్లి నాననిచ్చి, కొన్ని తువ్వాళ్లను నాలుగు మడతలు పెట్టి, ఒక్కో మడతతో ఒక్కో భాగం తుడవాలి. వాడిన మడత తిరిగి వాడకూడదు. కారు బురదతో వచ్చిన రోజు మాత్రం ఇది పనికిరాదు, నీళ్లు పోయాల్సిందే.

మా అంతస్తు వాళ్లం కలిసి ఆ కుర్రాడికి తువ్వాళ్లు, స్ప్రే సీసా, ద్రవం కొనిచ్చాం. తువ్వాళ్లను నూలు బట్టలతో కలపకుండా, కంఫర్ట్ లాంటివి వేయకుండా ఉతకాలని చెప్పాం. రోజూ తుడవొద్దు, వారానికి రెండుసార్లు ఇలా కడిగితే చాలన్నాం. పని రోజులు తగ్గాయి కాబట్టి డబ్బులు తగ్గిద్దామని మీటింగ్‌లో ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక్కో కారుకు ఇప్పుడు పట్టే సమయం ఎక్కువ, కావాల్సిన నేర్పూ ఎక్కువ. వచ్చే నెల నుంచి కారుకు ఇంత అని పెంచి ఇవ్వాలని రాసి నోటీసు బోర్డులో పెట్టించాను, కింద సంతకాలు చేసినవాళ్లే ఎక్కువ.