చెక్క పాడింది, లక్క కూడా పాడింది

చెక్క పలక పాట పాడుతుందంటే నమ్ముతారా? అమెరికాలో అమాండా ఘసాయీ అనే ఆవిడ 2013లో మేపుల్ చెక్క మీద లేజర్ మిషన్‌తో గుండ్రంగా గాడి గీయించింది. మామూలు రికార్డు ప్లేయర్ మీద పెడితే పాట వచ్చింది. గరగరమంటుంది గానీ ఏ పాటో తెలుస్తుంది. కిటుకంతా గాడిలోనే ఉంది. గాడి మెలికల్లో ముల్లు ఊగితే అదే శబ్దం. లేజర్ గీత అంత సన్నగా రాదు కాబట్టి ఆ గరగర.

ఇది కొత్తేం కాదండీ. మా చేను గట్టున మోదుగ చెట్లున్నాయి. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగు జిగురు కారుస్తుంది. తాతల కాలం నల్ల రికార్డులు ఆ లక్కలో రాతిపొడి కలిపి అచ్చు వేసినవే. ప్రపంచానికి లక్క ఎక్కువగా మన దేశం నుంచే పోయేది, ఛోటా నాగపూర్ అడవుల్లో గిరిజనులు, రైతులు తీసేవాళ్లు. 1948లో ప్లాస్టిక్ ఎల్‌పీ రికార్డు వచ్చింది, మెల్లగా ఆ గిరాకీ పోయింది.

రికార్డు మీద పాడినవాళ్ల పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది. లక్క తీసినోడి పేరుండదు. మన పత్తి, మన మొక్కజొన్న ఎక్కడికి పోతున్నాయో, వాటి బదులు రేపు ఏమొస్తుందో మనమే కనుక్కుంటుండాలి.

అటక మీద పాత రికార్డుంటే జాగ్రత్తగా దింపండి, పడితే పగులుతుంది. మీ వైపు లక్క తీసిన పెద్దలుంటే కింద రాయండి.