రంగుల వెనక లెక్క

'ఏంటమ్మా, వాన ఎర్రగా కూడా పడుద్దా?'

2023 డిసెంబరు 5. మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతున్న రోజు. నాగాయలంక దగ్గర మా ఊళ్లో నాన్న, హైదరాబాద్‌లో నేను. ఇద్దరి ఫోన్లలోనూ ఒకటే రాడార్ చిత్రం... ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మరకలతో.

నాన్న సరదాకి అడగలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఆయన చెల్లెలు కొట్టుకుపోయింది. అప్పటికి నాన్నకి పన్నెండేళ్లు. నేను చూడని ఆ అత్తయ్య ఫొటో కూడా మా ఇంట్లో లేదు. తుపానంటే చాలు, నాన్నకి కంటిమీద కునుకుండదు.

జర్నలిజం డిప్లొమా చేసినదాన్ని, జవాబు నాకేం తెలుసు? తెలిసిన ఫిజిక్స్ మాస్టారికి ఫోన్ చేశాను.

రాడార్ వానని నేరుగా చూడదట. ఓ తరంగాన్ని పంపుతుంది. అది చినుకులకు తగిలి అన్ని వైపులకూ చెదిరిపోతుంది. వెనక్కి వచ్చేది రవ్వంత. దాని బలాన్ని బట్టే ఈ రంగులు.

చిక్కంతా అక్కడే. తరంగం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు అనుకుందాం. దాని ముందు చినుకు చాలా చిన్నది. అలాంటప్పుడు చినుకు వ్యాసం రెట్టింపైతే, వెనక్కి వచ్చే తరంగం 64 రెట్లవుతుంది! అంటే 2 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటీ, 1 మిల్లీమీటరు చినుకులు 64 కలిసీ రాడార్‌కి ఒకేలా కనిపిస్తాయి. నీళ్లు మాత్రం ఆ 64 చినుకుల్లో 8 రెట్లు ఎక్కువ.

గుండ్రటి బిందువు తరంగాన్ని ఎలా చెదరగొడుతుందో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ మీ 1908లోనే లెక్కగట్టాడు. కానీ పెద్ద చినుకు గుండ్రంగా ఉండదు. కింద నుంచి గాలి నెట్టడంతో అడుగు చదునై ఇడ్లీలా మారుతుంది! అలాంటి ఆకారాల కోసం 1965లో పీటర్ వాటర్‌మన్ ఓ పద్ధతి చెప్పాడు. దాంతో ఏ చినుకు నుంచి తరంగం ఎంత వెనక్కి వస్తుందో కంప్యూటర్లు ముందే లెక్కేసి పెడతాయి. కొత్త తరం రాడార్లు అడ్డంగా ఊగే తరంగాన్నీ, నిలువుగా ఊగేదాన్నీ పంపుతాయి. చదునైన చినుకు నుంచి అడ్డంగా ఊగేదే బలంగా తిరిగొస్తుంది. ఆ తేడాని లెక్కలతో పోల్చి చినుకు సైజునీ, వాననీ అంచనా వేస్తారు.

ఇదంతా నాన్నకి చెప్పాను. ఇడ్లీ మాటకి నవ్వారు. తర్వాత మెల్లగా అడిగారు.

'మరి ఇందులో ఉప్పెన కనపడుద్దా?'

గొంతు పెగల్చుకుని చెప్పాను. 'కనపడదు నాన్నా. ఇది వాన లెక్కే. సముద్రం ఎంత ఎత్తు లేస్తుందో చెప్పేది వేరే లెక్క. గాలి వేగం, తీరం దగ్గర నీటి లోతు... అవన్నీ చూసి వేస్తారు. ఎరుపు తగ్గిందని ఇంట్లోనే ఉండిపోవద్దు. వెళ్లమంటే అమ్మని తీసుకుని వెళ్లిపో.'

నాన్న కాసేపు మాట్లాడలేదు.

'పొద్దున్నే సంచీ సర్ది గుమ్మంలో పెట్టాలేమ్మా' అన్నారు.